అమ్మ గొంతు కింద పాట

తెప్ప మీద నిలబడి, గట్టు నుంచి గట్టుకి కట్టిన తాడు లాక్కుంటూ చెరువు నడిమికి వచ్చేసరికి తాతాజీకి ఎడమ చెయ్యి బరువెక్కింది. కుడిచేత్తో తాడు పట్టుకుని, ఆ చెయ్యి రెండుసార్లు విదిలించి, బేసినులో డబ్బా ముంచి మేత చల్లాడు. గింజలు చిటపటమని నీళ్ళ మీద పడి మునిగిపోయాయి. థర్మోకోలు పలకలకి పట్టా చుట్టి కట్టిన తెప్ప అది. అలవాటు లేనివాడు ఎక్కితే రెండో అడుగుకే రొయ్యల మధ్య ఉంటాడు. తాతాజీ మాత్రం తన ఇంటి అరుగు మీద నిలబడ్డంత ధీమాగా నిలబడతాడు.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఉప్పునీళ్ళలో నాని నాని మోకాళ్ళ కింద చర్మం పొలుసులు కట్టి ఉంటుంది. కుడిచెవి మీద ఎప్పుడూ సగం కాల్చిన చుట్ట ఒకటి. కాట్రేనికోన అవతల, సముద్రపు గాలి తగిలే చోట, సురేంద్ర అనే ఆసామి రొయ్యల చెరువుకి మేత చల్లడం, కాపలా కాయడం అతని పని. గట్టు మీద రేకుల షెడ్డులోనే కాపురం. సురేంద్ర అమలాపురంలో ఉంటూ రోజూ ఫోన్లోనే రొయ్యల యోగక్షేమాలు కనుక్కుంటాడు. తాతాజీ యోగక్షేమాలు అడగాలని ఆయనకెప్పుడూ తోచలేదు, తాతాజీకీ ఆ ముచ్చట లేదు.

రొయ్యలు తిన్నదీ లేనిదీ తెలియడానికి నీళ్ళలో వేలాడదీసిన చెక్ ట్రే పైకి లాగి చూశాడు. మేత మిగల్లేదు. రొయ్యలు బాగానే తింటున్నాయి. తినకపోతే బెంగ, తింటే బెంగ, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే మరీ బెంగ. కానీ ఇవాళ అతని మనసులో ఉన్నది ఆ బెంగలేవీ కాదు.

"ఏవండీ! ఇంకా అవ్వలేదా? ఆయన బయల్దేరేరంట. ఇప్పుడే ఫోన్ చేసేరు!" గట్టు మీంచి వీరవేణి కేకేసింది.

"వస్తన్నానే. మేత మధ్యలో వదిలేసి దూకెయ్యమంటావా?"

"ఉతికిన చొక్కా తీసి పెట్టేను. ఆ బనీనుతో కూచుంటారేమో!"

పెళ్ళి చూపులకి కూడా ఇంత హడావిడి చెయ్యలేదు ఆమె. నిన్న ఫోన్ ఎత్తింది తనే. అమలాపురంలో ఫొటో స్టూడియో నడిపే రాజేంద్రప్రసాద్ అనే ఆయన మాట్లాడాడు. కోనసీమలో సొంతంగా పాటలు కట్టి పాడినవాళ్ళు, క్యాసెట్ కంపెనీలకి పంపడానికని శాంపిళ్ళు చేయించుకుని, అవి బయటికి రాకుండానే ఉండిపోయినవాళ్ళు, అలాంటి వాళ్ళ గొంతులన్నీ వెతికి పట్టుకుని దాస్తున్నాడట. కాట్రేనికోన తాతాజీ అంటే మీ ఆయనేనా అని అడిగాడు. వీరవేణి ఆ మాట చుట్టుపక్కల చెరువుల కాపలావాళ్ళందరికీ పొద్దు గుంకేలోపు చేరవేసింది.

తాతాజీకి మాత్రం నిన్నటినుంచీ గుండెల్లో రాయి పడ్డట్టుంది.

గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ నడిపే రోజుల్లో అతనికి పాటల పిచ్చి ఉండేది. ఎక్కడా నేర్చుకున్నది కాదు. తెడ్డు వేస్తుంటే మాట వచ్చేది, మాట వెంట వరస వచ్చేది. అమలాపురంలో అంజిబాబు అనే ఆయన క్యాసెట్ల దుకాణం వెనక గదిలో కోడిగుడ్ల అట్టలు గోడలకి అంటించి రికార్డింగు పెట్టాడు. చేపల సొమ్ము కూడబెట్టుకుని వెళ్ళి తాతాజీ అక్కడ తన పాటలు పాడాడు. ఒక హార్మోనియం, ఒక డోలక్కు, అతని గొంతు, అంతే. అంజిబాబు ఒక కాపీ కంపెనీకి పంపాడు, ఒకటి ఇతనికిచ్చాడు. ఎవరూ పొరపాటున దీని మీద ఇంకోటి ఎక్కించకుండా క్యాసెట్ నెత్తిమీది చిన్న ప్లాస్టిక్ రేకుని విరిచి మరీ ఇచ్చాడు. కంపెనీనించి జవాబు రాలేదు. ఈలోగా దోహాలో చేపల పడవ మీద పనికని వీసా వచ్చింది. విమానాశ్రయంలో క్యాసెట్లు విరిచి చూస్తారని ఎవరో భయపెడితే, శాంపిలు ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టి వెళ్ళాడు.

ఆ రోజుల్లో గల్ఫు వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఉత్తరాల కంటే క్యాసెట్లే ఎక్కువ తిరిగేవి. సెలవుకి వచ్చినవాడు తిరిగి వెళ్ళేటప్పుడు ఊళ్ళోవాళ్ళందరి క్యాసెట్లూ సంచిలో వేసుకుని పోయేవాడు. టేపురికార్డరు చుట్టూ ఇంటిల్లిపాదీ కూచుని, తలా కాసేపు మాట్లాడి, పంపేవారు. కొత్త క్యాసెట్టు కొనడమెందుకని ఇంట్లో ఉన్న పాత సినిమా పాటలదాన్నే తీసి, విరిగిన రేకు కన్నంలో కాగితం ముక్క కుక్కితే దాని మీద మళ్ళీ ఎక్కేది. ఆ కిటుకు కోనసీమలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. వీరవేణికీ తెలుసు. ట్రంకుపెట్టెలో చెమ్మకి పేరు చీటీ ఊడిపోయిన క్యాసెట్టు ఒకటి చేతికి దొరికితే, అది శాంపిలని తెలీక దాని మీదే ఎక్కించింది. శాంపిలులో పాటలన్నీ ఒక వైపే ఉన్నాయి, రెండో వైపు ఖాళీ. తిప్పి పెట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

దోహాలో ఒక శుక్రవారం నాడు గదిలో పదిమందీ చుట్టూ కూచుని విన్నారు. ఎవరింటి క్యాసెట్టు వచ్చినా అందరూ వినడం అక్కడి వాడుక. అమ్మ గొంతు వచ్చింది. "నాయనా, తింటన్నావా? అక్కడ వానలు పడతన్నాయా? గొడుగు పట్టుకెళ్ళలేదు నువ్వు" అంది. గదంతా పగలబడి నవ్వింది. తర్వాత తన పసికూతురి ఏడుపు, వీరవేణి మాటలు, "ఇంక ఉంటానండీ" అన్నాక టక్కుమని చప్పుడు. ఆ వెంటనే, పాట మధ్యలోంచి, తన గొంతే తనకి వినిపించింది.

"ఎవడ్రా ఇది? భలే పాడేడు" అన్నాడు పక్కనున్న వెంకటస్వామి.

"ఎవడో సినిమావాడు" అన్నాడు తాతాజీ. ఆ మాట ఎందుకన్నాడో ఇప్పటికీ అతనికి తెలీదు. ఆ రోజు అన్నం సహించలేదు. ఇంటికి వెళ్ళగానే వీరవేణి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. మూడు నెలలకి అమ్మ పోయిందని కబురొచ్చింది. వెళ్ళడానికి అరబ్బు సేఠు ఒప్పుకోలేదు. ఇక ఆ క్యాసెట్టే అమ్మ అయింది. పాటలు చెరిపేసిందని ఎవరి మీద కోప్పడతాడు? చెరిపినచోట కూచున్నది అమ్మ గొంతాయె.

తిరిగొచ్చాక వీరవేణి పెట్టె వెతుక్కుని, "ఆ శాంపిలు ఏదండీ?" అనడిగింది. "నాతోనే పట్టుకెళ్ళేను. అక్కడే ఎక్కడో పోయింది" అన్నాడు. అంతే, ఆ ఒక్క అబద్ధానికి అతను జీవితాంతం తిట్లు తిన్నాడు. దేశం కాని దేశంలో తన పాటలు తనే పారేసుకొచ్చిన మనిషని ఆమె అతన్ని పెళ్ళిళ్ళల్లో, పేరంటాల్లో, రేషన్ క్యూలో కూడా ఆడిపోసుకుంది. అమ్మ సంవత్సరీకం నాడల్లా ఆ క్యాసెట్టు పెట్టేవారు. "ఇంక ఉంటానండీ" అన్న మాట పూర్తి కాకుండానే తాతాజీ లేచి మీట నొక్కేసేవాడు. టేపురికార్డరు పాడయ్యాక ఆ గండం తప్పింది. అప్పటికి అంజిబాబు దుకాణం జిరాక్సు షాపు అయిపోయింది.

మళ్ళీ పాడలేదు. పాడితే ఆమె శాంపిలు ఊసెత్తుతుంది, తిడుతుంది, ఏదో ఒక రోజు ఒళ్ళు మండి నిజం అనేస్తానేమోనని భయం. పాటలెక్కడికి పోతాయి, బుర్రలో ఉన్నాయిలే అనుకుని ఊరుకున్నాడు. గల్ఫు ఎండకి మనిషి ఎండిపోయాడని ఊళ్ళో అనుకున్నారు.

*

రాజేంద్రప్రసాద్ మధ్యాహ్నం దాటాక మోటారు సైకిలు మీద వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు మీద దుమ్ము, వీపున పెద్ద సంచి. గట్టు దిగుతూనే చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. తాతాజీకి సిగ్గేసి చెవి మీది చుట్ట తీసి చూరులో దోపాడు.

"అంజిబాబు గారు పోయేముందు చెప్పేరండి, కాట్రేనికోన పడవ కుర్రాడొకడుండేవాడు, అలాంటి గొంతు మళ్ళీ వినలేదని. ఆయన దగ్గరున్న టేపులన్నీ గోదారి వరదకి నానిపోయేయండి. మీ దగ్గరేమైనా..."

"ఎక్కడిదండీ!" వీరవేణి కొబ్బరిబొండం అందిస్తూ అందుకుంది. "ఈయన దోహాలో పారేసుకొచ్చేరు. పిల్లిపిల్లని పారేసుకున్నా వెతుకుతారండి ఎవరైనా. ఈయన అదీ లేదు."

"పూర్తిగా పోయిందాండీ?" అతని మొహం వాడిపోయింది.

"ఆయ్. పోయిందండి" అన్నాడు తాతాజీ చెరువు వంక చూస్తూ. గండం గడిచినట్టే ఉంది. కానీ లోపల ఏదో ఉసూరుమంది. ఇంత దూరం తన గొంతు కోసం వచ్చినవాడు ఇంతకుముందెవడూ లేడు, ఇక ముందు రాడు.

రాజేంద్రప్రసాద్ సంచి సర్దుకోబోతుంటే అతను తెచ్చి బల్ల మీద పెట్టిన టేపు పెట్టెని వీరవేణి చూసింది. "బాబూ, ఇది క్యాసెట్లు పాడతదాండీ? మా అత్తగారి మాటలున్నాయండి ఒకదాంట్లో. మా అమ్మాయి వాణికి నాయనమ్మ గొంతు తెలీదు. ఫోన్లోకి ఎక్కించి పెడతారా?"

"ఇప్పుడెందుకే? ఆయనకి పనులుంటాయి" అన్నాడు తాతాజీ గబగబా.

"భలేవారండీ, వచ్చినందుకు ఇదైనా చేసి వెళ్తాను" అన్నాడతను. వీరవేణి అప్పటికే లోపలికి వెళ్ళి, దేవుడి పటం వెనకనుంచి పసుపు గుడ్డలో చుట్టిన క్యాసెట్టు తెచ్చేసింది. తాతాజీ నులకమంచం పట్టె పట్టుకుని కూచున్నాడు.

రాజేంద్రప్రసాద్ తన ఫోను టేపు పెట్టెకి తగిలించి మీట నొక్కాడు. గరగరమంటూ అమ్మ వచ్చింది. తింటన్నావా అంది. గొడుగు సంగతి అడిగింది. వీరవేణి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. పసిదాని ఏడుపు వచ్చింది. ఇంకాసేపట్లో ఆ మాట వస్తుంది. తాతాజీ లేచాడు, చెయ్యి మీట దాకా వెళ్ళింది.

"ఆపకండి!" రాజేంద్రప్రసాద్ ఆ చేతిని మెల్లిగా పట్టుకున్నాడు. "ముట్టుకుంటే పాత టేపు తెగిపోద్దండి. చివరిదాకా ఒక్క ఊపులో పోవాలి."

తెగిపోతే అమ్మ పోతుంది. తాతాజీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టక్కుమంది. హార్మోనియం మధ్యలోంచి అందుకుని, కుర్రగొంతు ఒకటి రేకుల షెడ్డంతా నిండిపోయింది.

*మొగకాడ నీళ్ళకు దారెవరు చెప్పేరు*
*ఉప్పదో తీపిదో ఊసెవరు చెప్పేరు*

వీరవేణి మొహం ఒక్కసారిగా వెలిగింది. "ఏవండీ! మీ పాటండీ! ఇందులో ఎలా ఉంది? దొరికిందండీ!" అని రాజేంద్రప్రసాద్ భుజం కూడా తట్టింది. అతను పాట ఎక్కుతోందో లేదోనని ఫోను వంక చూస్తున్నాడు. పల్లవి మళ్ళీ తిరిగింది, హార్మోనియం సాగింది, ఆగింది. చివర ఉత్త గరగర మిగిలింది.

ఆ గరగర వింటూ వింటూ ఆమె నవ్వు ఆగిపోయింది. క్యాసెట్టు బయటికి తీసి, నెత్తిమీది కన్నంలో ఇరుక్కుని ఉన్న కాగితం ముక్కని వేలితో తాకింది.

"ఇది నేనే కుక్కేను" అంది. "ఇదేనాండీ ఆ శాంపిలు?"

తాతాజీ తలూపాడు.

"మరి అక్కడ పోయిందన్నారు?"

"పోయింది గదే మరి. ఎక్కడ పోతే ఏంటి."

"ఇన్నేళ్ళు నా చేత తిట్టించుకుని..."

"నువ్వు తిట్టడానికి అదొక్కటే దొరికిందా ఏంటి" అన్నాడు. నవ్వించాలనుకున్నాడు. ఆమె నవ్వలేదు. నేల మీద చతికిలబడి, అతని కాళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. అంత పెద్ద గొంతున్న మనిషి నోట మాట లేకపోయేసరికి తాతాజీకి భయం వేసింది. ఈ చూపు చూడకూడదనే ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాడు.

రాజేంద్రప్రసాద్‌కి సంగతి అర్థమైంది. ఆశ మాత్రం ఆగలేదు. "ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ. మీరున్నారు కదండీ. ఇప్పుడు పాడండి. మిగతాదంతా మీ గొంతుతోనే ఎక్కిద్దాం" అంటూ సంచిలోంచి అంగుళమంత నల్లటి మైకు ఒకటి తీసి తాతాజీ చొక్కా కాలరుకి తగిలించాడు. తీగ లేదు, పాడింది పాడినట్టు బల్ల మీది ఫోనులోకి ఎక్కుతుంది. చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. "పాడండి" అంది వీరవేణి కూడా, ప్రాధేయపడుతున్నట్టు.

తాతాజీ గొంతు సవరించుకున్నాడు. పల్లవి వచ్చింది. గొంతు బొంగురుపోయినా వరస తప్పలేదు. రెండోసారీ పల్లవే వచ్చింది. చరణం ఎత్తుకోబోయాడు. లేదు. మళ్ళీ పల్లవి అందుకుని ఆ ఊపు మీద దాటబోయాడు. లేదు. పోనీ ఇంకో పాట. పడవ మీద వెన్నెల పాట ఉండేది, చేపలమ్మే పిల్ల మీద ఒకటి కట్టాడు. ఒక్కో పాటకీ మొదటి మాట తగులుతోంది, దాని వెనక ఏమీ లేదు. ఇన్నేళ్ళూ భద్రంగా ఉన్నాయనుకున్న కుండలో చెయ్యి పెడితే అడుగు తగిలినట్టయింది. క్యాసెట్టు పోయినప్పుడు ఇంత దుఃఖం రాలేదు. అప్పుడు తను ఉన్నాడు. ఇప్పుడు తనలోనూ లేవు.

"రాటం లేదండి" అన్నాడు పిల్లాడిలా. "పాడక పాడక పోయేయండి."

వీరవేణి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

సరిగ్గా అప్పుడు చెరువు మీద చప్పుడు పడిపోయింది. కరెంటు పోయింది. ఏరేటర్లు ఒక్కొక్కటే నీళ్ళు చిమ్మడం మానేసి ఆగిపోయాయి. బయటివాళ్ళకి అది హాయిగా ఉంటుంది గానీ చెరువు కాపలావాడికి ఆ నిశ్శబ్దం వినిపిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. రొయ్యకి గాలి అందకపోతే పంటంతా తెల్లగా తేలిపోతుంది. తాతాజీ లేచి పరుగెత్తాడు. బతుకులో అంత ఊరటగా ఎప్పుడూ పరుగెత్తి ఉండడు.

జనరేటరు పాక గట్టు చివర, మలుపు తిరిగాక ఉంది. బ్యాటరీ చచ్చిపోయి చాన్నాళ్ళయింది, రేపు మార్పిస్తానని సురేంద్ర అంటూనే ఉన్నాడు. హ్యాండిలు తగిలించి చేత్తోనే తిప్పాలి. తాతాజీ ఒకసారి తిప్పాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. ఎడమ చెయ్యి మొద్దుబారిపోతోంది. పళ్ళు కరిచి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మళ్ళీ తిప్పాడు. నల్లటి పొగ ఎగజిమ్మి ఇంజను అందుకుంది. పాక రేకులు దడదడలాడాయి. దూరంగా ఏరేటర్లు తిరగడం మొదలెట్టాయి, నీళ్ళు తెల్లగా లేచాయి.

తాతాజీ రొప్పుతూ గుంజకి ఆనుకుని చూశాడు. ఆ నీళ్ళు లేవడం, పడడం, లేవడం చూస్తుంటే తెడ్డు వేసినట్టుంది. మాట దానంతటదే వచ్చింది.

*కలిసిపోయినాక కడవతో ముంచుకుని*
*నీదేదో నాదేదో ఎవరేరి ఇచ్చేరు*

ఇదే! చరణం ఇదే! నవ్వొచ్చింది అతనికి. గొంతెత్తి పాడాడు. దాని వెనక రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఒక్క మాట కూడా పోలేదు. ఇంజను హోరులో తన పాట తనకే సరిగా వినిపించలేదు. ఫరవాలేదు, వెళ్ళి పాడొచ్చు. వీరవేణిని ఓదార్చొచ్చు. కాస్త ఊపిరి తీసుకుని వెళ్దామని గుంజ పక్కనే కూచున్నాడు. ఛాతీ మీద ఎవరో కూచున్నట్టుంది. ఏరేటర్ల వైపు చూస్తూనే తల గుంజకి వాల్చాడు.

ఆయన సిగ్గుపడి రావడం లేదనుకుంది వీరవేణి. కాసేపు చూసి, చెంబుతో మజ్జిగ కలిపి పట్టుకుని తనే గట్టెమ్మట నడిచింది. చెప్పాల్సిన మాటలన్నీ దారిలో కూర్చుకుంది. పాక దగ్గర ఆమె పిలుపు ఇంజను చప్పుడులో కలిసిపోయింది. ముందు నిద్రపోయాడనే అనుకుంది. భుజం పట్టుకుని కదిపాక చెంబు వదిలేసింది.

ఆమె కేకకి రాజేంద్రప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు. పక్క చెరువులవాళ్ళు నలుగురు చేరారు. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. తాతాజీ ఫోను జేబులో మోగుతుంటే ఎవరో తీసి వీరవేణి చేతిలో పెట్టారు.

"తాతాజీ! అక్కడ కరెంటు పోయిందంట. జనరేటరు వేసేవా?" సురేంద్ర గొంతు.

"ఆయ్. వేసేరండి" అంది వీరవేణి.

షెడ్డులో బల్ల మీది ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. రాజేంద్రప్రసాద్ ఆపి, వెనక్కి తిప్పి విన్నాడు. పల్లవి ఉంది. "రాటం లేదండి" అన్న మాట ఉంది. పరుగెత్తే అడుగులు, ఆయాసం ఉన్నాయి. గట్టు మలుపు దగ్గర మైకు అందే దూరం దాటిపోయింది, ఆ తర్వాత ఏమీ లేదు. గుమ్మంలో నిలబడ్డ వీరవేణి, "ఏమైనా పాడేరాండీ?" అని అడిగింది. లేదండి అని అతను చెప్పలేకపోయాడు. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఆమె ఆ ఖాళీనే చాలాసేపు వింది.

స్నానం చేయించడానికి విప్పిన చొక్కాని ఆమె రోజూ వేసినట్టే దండెం మీద వేసింది. దాని కాలరుకి తగిలి ఉన్న మైకుని తియ్యాలని ఎవరికీ తోచలేదు. గాలికి చొక్కా ఊగుతుంటే దాని మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఆరుతూ, ఆరుతూ వెలుగుతూ ఉంది.